అక్షింతలు

ఏప్రిల్ రెండో వారం. చెట్ల మొదళ్ల దగ్గర
మాసిన దుప్పటిలా ఇంకా కాస్త మంచు.
ఇర్యా తుర్పెయినెన్ మోకాళ్ల కింద
పాత గోనె మడిచి వేసుకుని
ఆస్పెన్ చెట్టు పాదాల దగ్గర వెతుకుతోంది,
ఏదో పారేసుకున్న మనిషిలా.

ఉంగరం కాదు.
ఎగిరే ఉడత పెంటికలు.
బియ్యపు గింజంత, పసుపు రంగువి.
రాత్రి ఎవరికో ఇక్కడ పెళ్లి జరిగి
అక్షింతలు రాలినట్టు.

బడి వంటింట్లో ముప్పై ఒక్క ఏళ్లు
బంగాళాదుంపలు వడ్డించిన చెయ్యి అది,
లెక్క తప్పదు.
నలభై ఆరు. కాదు, నలభై ఏడు.

నా పని హెల్సింకీలో, ట్రామ్ గంటలు వినిపించే గదిలో,
కవర్లు తెరవడం.
నెలకి ఐదు యూరోలు పంపేవాళ్లుంటారు.
"పన్ను కట్టించుకున్నాను, ఈసారికి మూడే" అని
సంజాయిషీ రాసేవాళ్లుంటారు.
పడవ మీద వంటచేసే ఒకాయన రాశాడు:
"సముద్రానికని పంపబోయి అడవి ఖాతాలో వేశాను.
ఉండనివ్వండి. ఆ నీళ్లూ ఇక్కడికే కదా రావాలి."
దాన్ని గోడకి అంటించుకున్నాను.

ఇర్యా డబ్బు పంపదు.
అగ్గిపెట్టెలు పంపుతుంది.
లోపల దూది మీద ఆ గింజలు,
అట్ట వెనక పెన్సిల్‌తో అక్షాంశం, రేఖాంశం,
కింద చిన్నగా: "వాసన రాదు. భయపడకు."

ఉడత పగలు కనపడదు.
కోర్టు మెట్లెక్కి నేనిక్కడే ఉంటున్నానని చెప్పదు.
దాని తరఫున వాంగ్మూలం
ఈ గింజలే.

ఆ ఏడు వాగు పక్క స్ప్రూస్ చెట్లకి
గులాబీ రంగు రిబ్బన్లు కట్టారు.
సోమవారం యంత్రం దిగుతుందన్నారు.
ఇర్యా రెండు రోజులు పాకింది, నడుం పట్టేసింది,
ఒక్క గింజ దొరకలేదు.

ఆదివారం రాత్రి పదింటికి ఫోను.
ఓస్మో. యంత్రం నడిపేది అతనే.
చిన్నప్పుడు రెండోసారి వడ్డించమని
పళ్లెం పట్టుకుని నిలబడ్డ కుర్రాడు.
"వాగు దాటాక విరిగిన ఆస్పెన్ ఉంది. దాని ఉత్తరం వైపు.
నేను చెప్పానని అనకు.
బండి వాయిదాలు ఇంకా నాలుగేళ్లున్నాయి."

మందుల షాపులో పనిచేసే రీత్తా కారు తీసింది.
టార్చి ఒకరు పట్టుకుంటే, ఒకరు వంగారు.
పదకొండు.
పదకొండంటే పదకొండే.
ఫోటోలు నా దగ్గరికి వచ్చేసరికి ఒంటిగంట నలభై.
అధికారికి పంపాను, లాయరుకి పంపాను,
చేతులు వణికి నా చెల్లెలికీ పంపాను.
"ఇవేంటి, జీలకర్రా?" అని అడిగింది.

పొద్దున యంత్రం ఆగి ఉంది.
ఓస్మో దాని మెట్టు మీద కూర్చుని
ఏమీ తెలియని మొహంతో కాఫీ తాగుతున్నాడట.

ఆగింది అడవంతా కాదు, చెప్పాలి.
గుట్ట అవతలి వైపు గురువారానికల్లా మొద్దులే మిగిలాయి.
మాకు దక్కింది
పిల్లలు బంతి ఆడుకునే మైదానమంత కూడా లేదు.
పైనుంచి చూస్తే, చొక్కాకి వేసిన మాసిక.

ఉడతాభక్తి అంటే
ఉడత చేసేదనుకున్నాను ఇన్నాళ్లూ.
ఇక్కడ దాన్ని ఉడతకి తిరిగి చెల్లిస్తున్నారు,
మోకాళ్ల నొప్పులున్న వాళ్లు,
వాయిదాలున్న వాళ్లు.

ఇర్యా ఇంతవరకు ఆ ఉడతని చూడలేదు.
అడిగితే, "నాకు వడ్డించడం తెలుసు,
తినేవాళ్ల మొహాలు చూడ్డానికి తీరికెక్కడిది" అంది.

మళ్లీ ఏప్రిల్ వచ్చింది.
అగ్గిపెట్టె వచ్చింది.
తెరిస్తే దూది ఒక్కటే.
అట్ట వెనక, కొంచెం వంకర తిరిగిన అక్షరాల్లో:
"ఈసారి ఏమీ లేవు.
వెతికానని మాత్రం రాసుకో."

రాసుకున్నాను.
సున్నా.
పక్కన తేదీ, చెట్టు నంబరు, ఆమె పేరు.